మొదటి పేజీకి కుట్టు

జూన్ దగ్గర పడగానే మైదా ఉడకేస్తాను.
మైలుతుత్తం ఒక చిటికెడు ఎక్కువే పడాలి.
పర్లాకిమిడి బొద్దింకలకి
ఒడియా, లెక్కలు, ఇంగ్లీషు అన్న తేడా లేదు,
జిగురెక్కడుంటే అదే వాటి చదువు.

ముప్పై నాలుగేళ్ళు.
బడి పుస్తకాలకి అట్టలు కుట్టి కుట్టి
నా బొటనవేలికి గీతలు అరిగిపోయాయి,
రేషన్ కొట్లో మిషను నన్ను నేనని నమ్మదు.

లోపల ఏం రాసుందో నాకనవసరం.
సూది ముందు దిగేది మొదటి పేజీలోకి.
అక్కడ బొమ్మ ఉండదు, పద్యం ఉండదు,
పెద్దాఫీసు మాట ఉంటుంది, కింద సంతకం.
జిగురారేదాకా కూర్చునే బిసోయి మాస్టారు
ఆ ఇంగ్లీషు చదివి నాకు విప్పి చెప్పేవాడు.

నేను కొత్తగా సూది పట్టినప్పుడు
ఇంగ్లీషు ఆరో తరగతిలో మొదలు.
మూడు ఫారాలు, ఒక్క కుట్టు, అర్ధరూపాయి.
"ఇది పరాయి భాష, పనికి కావలసినంతే" అని ఉందట.
అరుగు మీద మంచం వాల్చి
మంచినీళ్ళిచ్చి పంపేసే చుట్టంలాగ.

తర్వాత చిన్న రైలు ఆగిపోయింది.
నౌపడా నుంచి గుణుపురం దాకా
ఆ బుల్లి పట్టాలు పీకి వెడల్పు పట్టాలు పరిచిన రోజుల్లోనే
ఇంగ్లీషు మూడో తరగతికి దిగింది.
"ప్రపంచానికి కిటికీ" అన్నారు ఈసారి.
అట్ట మీద కిటికీ బొమ్మే వేశారు.
ఊచలు గియ్యడం మాత్రం మరిచిపోలేదు.

ఇంకొన్నాళ్ళకి ఒకటో తరగతి.
ఎనిమిది ఫారాలు, దారం రెండు పేటలు.
"ఇది కూడా మన భాషే" అన్నారు ఆ ఏడు.
పాఠంలో మంచు పోయి వాన వచ్చింది,
టామ్ పోయి గోపాల్ వచ్చాడు,
గోపాల్ వాళ్ళమ్మ పొద్దున్నే పఖాళ వడ్డించి
ఇంగ్లీషులో తినమంటుంది.
మాస్టారు నవ్వాడు. నేను నవ్వలేదు.
పుస్తకం లావెక్కితే నాకు రెండు రూపాయలు ఎక్కువ.
ఎందుకు దాచాలి,
ఆ లావుతోనే మా తాటాకు కప్పు రేకులైంది.

ఈ ఏడు మొదటి పేజీ రెండు పేజీలైంది.
"తల్లి భాషే పునాది" అని,
ఎంతో అందంగా, ఇంగ్లీషులో.
"ఎవరి తల్లి, మాస్టారూ?"
ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు.
"బడిలో చేర్చిన కాగితంలో ఏది రాస్తే అది."
మా వీధి బడి కాగితాల్లో అందరికీ ఒడియా అనే ఉంది,
ఒకే చేత్తో, ఒకే సిరాతో.
అప్పటిదాకా మేమిద్దరం ఏ భాషలో మాట్లాడుకుంటున్నామో
కాసేపు ఇద్దరికీ గుర్తు రాలేదు.

నిన్న హాస్టలు గుంట ఒకతి వచ్చింది.
సెరంగో కొండ మీది పిల్ల, లిబియా రైకా, నాలుగో తరగతి.
"దాలమ్మత్తా, ఇది ఊడిపోనాది, కుట్టీ" అంది
బజారులో నేర్చుకున్న తెలుగులో.
తిప్పి చూస్తే ఇంగ్లీషు మాటల పక్కన, అంచులో,
పెన్సిలుతో ఒడియా అక్షరాలు.
అట్టల మీద పేర్లు రాసే చెయ్యి నాది, ఆ అక్షరాలు వచ్చు.
కూడబలుక్కుని చదివాను. ఒడియా కాదు.
తెలుగూ కాదు.
నీళ్ళ బొమ్మ పక్కన ఒకటి, కుక్క బొమ్మ పక్కన ఒకటి.
"మావి" అంది పిల్ల,
చెయ్యి అడ్డం పెట్టుకుని.

కుట్టాక మూడు వైపులా అంచు కొయ్యాలి.
వేలెడు కాగితం పోతుంది, పని పద్ధతి అది.
కొయ్యకపోతే దొంతరలో నిలబడదు,
హెడ్మాస్టరు తిరగ్గొడతాడు.
కత్తిమిషను కింద పెట్టి పిడి పట్టుకున్నాను.
సరిగ్గా ఆ పెన్సిలు రాత మీదే బ్లేడు నీడ.

తీసేశాను.

జిగురు పట్టించి, పైన ఇటుక పెట్టి,
ఆ ఒక్కదానికి తుత్తం ఇంకొంచెం వేశాను.
"అంచు వంకరుందేటి?" అంటారు రేపు.
ముసిలిదాన్ని, కళ్ళానలేదని చెప్తాను.